ఉబుంటులో అప్రమేయ అనువర్తనాల ఎంపిక

ఉబుంటు నిర్వహణ వ్యవస్థను ఒక కంప్యూటరులో స్థాపించిన వెంటనే, వాడుకరి వేరుగా ఏదీ దింపుకోకుండానే అందుబాటులో ఉండే ప్రోగ్రాములను అప్రమేయ అనువర్తనాలు అంటారు. విహరిణి, కార్యాలయ ప్రోగ్రాముల సముదాయం, పాటలు వినిపించే ప్రోగ్రాము, ఛాయాచిత్రాలను భద్రపరిచే ప్రోగ్రాము మొదలైనవి వీటిలో ముఖ్యమైనవి. ఉబుంటు భాండాగారంలో వేలాది స్వేచ్ఛా సాఫ్టువేర్లు ఉన్నాయి. వాటిలో ఏ కొన్నింటిని ముందుగా పొందుపరచాలి, ఏవి వాడుకరి తరువాత తెచ్చుకునేందుకు వదలివేయాలి అన్నది ప్రతి విడుదలకు ముందు నిర్ణయించవలసి వస్తుంది. 2004 నుండి 2012 వరకు ఉబుంటు అంతా ఒకే సీడీలో ఇమడవలసి ఉండేది కాబట్టి ఈ నిర్ణయం మరింత కఠినంగా ఉండేది. అంతర్జాల సౌకర్యం లేని వాడుకరికి సీడీలో లేని అనువర్తనం లేనట్లే. అందుచేత ఈ ఎంపిక సాంకేతిక విషయంగా మాత్రమే మిగలక, వివాదాలకు కూడా కారణమైంది.

నేపథ్యం

లినక్స్ అనేది నిజానికి ఒక కెర్నల్ మాత్రమే. దానితో సామాన్య వాడుకరి ఉత్తరం రాయలేడు, బొమ్మ చూడలేడు. కెర్నల్‌కు తోడుగా వివిధ బృందాలు విడివిడిగా తయారుచేసిన వేలాది ప్రోగ్రాములను సేకరించి, ఒకదానితో ఒకటి పొసగేటట్లు చేసి అందించే సంకలనాన్ని పంపిణీ అంటారు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ ఇటువంటి పంపిణీలలో పేరెన్నికగన్నది. డెబియన్ పద్ధతి ప్రకారం స్వేచ్ఛా లైసెన్సు గల ఏ ప్రోగ్రామునైనా, దాన్ని చూసుకునే స్వచ్ఛంద నిర్వాహకుడు దొరికితే, భాండాగారంలో చేర్చుకుంటారు. ఫలితంగా 2005లో వెలువడిన డెబియన్ 3.1లో పదిహేను వేలకు పైగా ప్యాకేజీలు చేరాయి. వాటన్నిటినీ నింపడానికి పదికి పైగా సీడీలు అవసరమయ్యాయి. ఒక్క పాఠ్య సంపాదకాల కోవలోనే డజన్లకొద్దీ ప్రోగ్రాములు ఉండేవి. అనుభవజ్ఞులకు ఇది పండుగే. కొత్తవారికి మాత్రం, ఏది ఎందుకో తెలియక, పెద్ద చిక్కు.

దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన కానొనికల్ సంస్థ డెబియన్‌ను ఆధారం చేసుకొని 2004 అక్టోబరులో ఉబుంటు 4.10ని విడుదల చేసింది. ఆఫ్రికా భాషలలో "మానవత్వం" అనే అర్థాన్నిచ్చే పదం నుండి ఈ పేరు వచ్చింది. డెబియన్‌కు భిన్నంగా, ఉబుంటు బృందం రెండు నియమాలు పెట్టుకుంది. మొదటిది, అంతా ఒకే సీడీలో ఉండాలి. రెండవది, ఒక పనికి ఒకే అనువర్తనం ఉండాలి. తొలి విడుదలలో గ్నోమ్ డెస్క్‌టాపుతో పాటు ఫైర్‌ఫాక్స్, ఉత్తరాలకు ఎవల్యూషన్, పత్రాలకు ఓపెన్ఆఫీస్, బొమ్మలకు గింప్, పాటలకు రిథమ్‌బాక్స్, కబుర్లకు గెయిమ్ ఇచ్చారు. ఈ గెయిమ్‌నే 2007 నుండి పిడ్జిన్ అంటున్నారు.

ఒకే సీడీ నియమం

సీడీ సామర్థ్యం సుమారు 700 మెగాబైట్లు. కుదించిన రూపంలోనే అయినా, కెర్నల్, పరికరాల చోదకాలు, డెస్క్‌టాపు, ఖతులు, కార్యాలయ ప్రోగ్రాములు అన్నీ ఆ హద్దులోనే సర్దుకోవాలి. 2006 జూన్‌లో వచ్చిన 6.06 నుండి, స్థాపించకుండానే వాడి చూసే సీడీ, స్థాపించే సీడీ ఒకటే అయ్యాయి. ఒక కొత్త అనువర్తనాన్ని చేర్చాలంటే ఉన్నదాన్ని దేన్నో తీసివేయక తప్పదు. పెళ్లి ప్రయాణానికి ఒకే పెట్టెతో బయలుదేరిన వారికి ఈ ఇబ్బంది వివరించి చెప్పనక్కరలేదు.

ఈ నియమానికి బలమైన కారణమే ఉంది. 2005 నుండి 2011 ఏప్రిల్ వరకు కానొనికల్ సంస్థ షిప్ఇట్ అనే పథకం కింద, కోరిన వారికి ప్రపంచంలో ఎక్కడికైనా ఉచితంగా, తపాలా ఖర్చులు కూడా తానే భరించి, సీడీలు పంపింది. భారతదేశంలో ఎందరో విద్యార్థులు ఉబుంటును మొదట చూసింది ఆ కవరులోనే. లినక్స్ ఫర్ యు వంటి భారతీయ పత్రికలు కూడా తమ సంచికలతో పాటు సీడీలు జతచేసేవి. ఆ రోజులలో మన దేశంలో అంతర్జాల వేగం చాలా తక్కువ. 2004 నాటి జాతీయ బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. ఆ వేగం పూర్తిగా అందినా 700 మెగాబైట్ల సీడీ ప్రతిబింబం దిగడానికి ఆరు గంటలకు పైగా పడుతుంది. టెలిఫోను ద్వారా పనిచేసే 56 కిలోబిట్ల మోడెముతోనైతే, ఒక్క పది మెగాబైట్ల ప్యాకేజీకే ఇరవై నిమిషాలు దాటుతుంది. అంతసేపూ టెలిఫోను బిల్లు పెరుగుతూనే ఉంటుంది. కనుక "కావలసినవారు తరువాత దింపుకుంటారు" అన్న మాట లండనులో ఒక రకంగానూ, లేపాక్షిలో మరొక రకంగానూ వినిపిస్తుంది.

ఎంపిక జరిగే విధానం

ఉబుంటులో ఏ అనువర్తనం అప్రమేయమో తెలిపే జాబితాలను "విత్తనాలు" అని వ్యవహరిస్తారు. ఇవి సాదా పాఠ్య దస్త్రాలు. వీటిలో పై స్థాయి ప్యాకేజీల పేర్లు మాత్రమే ఉంటాయి. జెర్మినేట్, అనగా మొలకెత్తించడం, అనే పేరుగల ఉపకరణం ఆ పేర్లను తీసుకొని, ఒక్కొక్కటి ఆధారపడే ఇతర ప్యాకేజీలను, వాటికి ఆధారమైన మరికొన్నింటిని వెదకి పూర్తి జాబితాను తయారుచేస్తుంది. విత్తనంలో ఒక పంక్తి చేరిస్తే, మొలిచేది ఒక్కొక్కసారి పెద్ద చెట్టు కావచ్చు.

దీనికి మంచి ఉదాహరణ మోనో. 2006 అక్టోబరులో వచ్చిన 6.10లో ఛాయాచిత్రాల కోసం ఎఫ్-స్పాట్, చిన్న చిన్న గమనికలు రాసుకునేందుకు టామ్‌బాయ్ చేరాయి. రెండూ మోనో అనే వేదికపై పనిచేస్తాయి. టామ్‌బాయ్ చిన్న ప్రోగ్రామే. కాని దాని కోసం మోనో గ్రంథాలయాలన్నీ సీడీలోకి రావాలి. అవి వచ్చాక, వాటినే వాడుకునే మరొక అనువర్తనాన్ని చేర్చడానికి అదనంగా పట్టే స్థలం తక్కువ. దీన్నే తిరగేసి చూస్తే, మోనోపై ఆధారపడిన అనువర్తనాలలో చివరిదాన్ని కూడా తీసివేసే వరకు ఆ స్థలం తిరిగి రాదు. కాబట్టి ఒక అనువర్తనం పరిమాణమెంత అన్న ప్రశ్నకు, పక్కన ఏమేమి ఉన్నాయో తెలిస్తేగాని జవాబు చెప్పలేము.

సీడీలోకి వచ్చే ప్రతి ప్యాకేజీ భాండాగారంలోని "మెయిన్" విభాగానికి చెందినదై ఉండాలి. ఈ విభాగంలోని సాఫ్టువేరుకు భద్రతా సవరణలు అందించే బాధ్యత ఉబుంటు బృందానిది. స్వచ్ఛంద సేవకుల నిర్వహణలో ఉండే "యూనివర్స్" విభాగం నుండి ఒక ప్యాకేజీ మెయిన్‌లోకి రావాలంటే, దాని కోడు నాణ్యతను, గతంలో బయటపడిన భద్రతా లోపాలను, మూల రచయితలు చురుకుగా ఉన్నారా లేదా అన్న విషయాన్ని పరిశీలిస్తారు. రెండేళ్ళకొకసారి వచ్చే దీర్ఘకాలిక మద్దతు విడుదలలలో ఇది మరీ ముఖ్యం. డెస్క్‌టాపుకు ఈ మద్దతు మొదట మూడేళ్ళు ఉండేది, 12.04 నుండి ఐదేళ్ళు అయింది. రచయిత చేయి విడిచిన అనువర్తనాన్ని చేర్చుకుంటే అన్నేళ్ళూ ఆ బరువును పంపిణీ మోయవలసి ఉంటుంది.

తుది చర్చలు ఆరు నెలలకొకసారి జరిగే ఉబుంటు డెవలపర్ సదస్సులలో సాగేవి. కానొనికల్ ఉద్యోగులు, స్వచ్ఛంద సభ్యులు ఒక గదిలో కూర్చొని అనువర్తనాల పేర్లు ఒక్కొక్కటిగా తీసుకొని చర్చించేవారు. 2013 నుండి ఈ సదస్సులు అంతర్జాలంలోనే జరిగాయి. వాడుకరులలో ఏది ప్రాచుర్యంలో ఉందో లెక్కించడానికి డెబియన్‌లో పాప్‌కాన్ అనే ఐచ్ఛిక గణన ఉంది. ఉబుంటు కూడా దాన్ని కొంతకాలం వాడింది. అయితే ఈ గణనలో ఒక లోపం దాగి ఉంది. సీడీలో ఉన్న అనువర్తనం అందరి కంప్యూటర్లలోనూ ఉంటుంది కనుక స్థాపనల లెక్కలో దానికి ఎప్పుడూ పెద్ద సంఖ్యే వస్తుంది. ఎంపిక అయినందువలన ప్రాచుర్యం వచ్చిందో, ప్రాచుర్యం వలన ఎంపిక అయిందో ఆ సంఖ్య నుండి తేల్చడం కష్టం.

గింప్ తొలగింపు

అప్రమేయ అనువర్తనాల చరిత్రలో ఎక్కువ చర్చకు గురైన నిర్ణయాలలో గింప్ తొలగింపు ఒకటి. 2009 నవంబరులో అమెరికాలోని డల్లాస్ నగరంలో జరిగిన సదస్సులో, 2010 ఏప్రిల్‌లో రానున్న 10.04 నుండి గింప్‌ను తీసివేయాలని నిశ్చయించారు. గింప్ వృత్తినిపుణుల స్థాయి ఉపకరణమనీ, దాని కిటికీల అమరిక సామాన్యులను తికమకపెడుతుందనీ, చాలామంది వాడుకరులకు ఫోటోను కత్తిరించడం, కంటి ఎరుపును తొలగించడం వంటి చిన్న పనులే కావాలనీ వాదించారు. ఆ పనులు అప్పటికే ఉన్న ఎఫ్-స్పాట్ చేయగలదని చెప్పారు. పైగా 2009 అక్టోబరు నాటి 9.10లో ఉబుంటు సాఫ్టువేర్ కేంద్రం ప్రవేశపెట్టారు. దానివలన అనువర్తనాలను వెదకి దింపుకోవడం సులువైంది. తొలగించడానికి అదీ ఒక సమర్థన అయింది.

వ్యతిరేకించినవారి వాదనలూ బలమైనవే. ఎఫ్-స్పాట్ ఫోటోల ఆల్బము వంటిది. అందులో కొత్త బొమ్మ గీయడం గాని, ఉన్న బొమ్మపై అక్షరాలు రాయడం గాని సాధ్యం కాదు. విండోస్ నుండి మారేవారికి "ఫోటోషాప్‌కు బదులు ఇదిగో" అని చూపించడానికి లినక్స్ ప్రచారకుల వద్ద ఉన్న మొదటి పేరు గింప్. కొన్ని పాఠశాలలలో, కళాశాలలలో పిల్లలకు బొమ్మలు నేర్పేది దానితోనే. ఈ తొలగింపులో ఒక వైచిత్రి కూడా ఉంది. బర్క్‌లీ విద్యార్థులైన స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్‌లు 1990లలో గింప్ కోసం రాసుకున్న జీటీకే అనే ఉపకరణ సామగ్రిపైనే తరువాత గ్నోమ్ డెస్క్‌టాపు నిర్మితమైంది. అంటే, ఉబుంటు తెరపై కనబడే బొత్తాలు, పట్టికలు పుట్టినింటినే ఆ తెర నుండి పంపించివేసినట్లయింది.

కొత్తవారికి గింప్ కష్టమే. ఆ మాటలో అతిశయోక్తి లేదు. కాని అదే విడుదలలో పిటివి అనే వీడియో కూర్పు ప్రోగ్రామును చేర్చడం వలన, "సామాన్యులకు అవసరం లేదు" అన్న తర్కం బలహీనపడింది. బొమ్మలు దిద్దేవారికన్నా వీడియోలు కూర్చేవారు ఎక్కువమంది అని నమ్మడం కష్టం. పిటివిని కూడా 2011 అక్టోబరు నాటి 11.10లో తీసివేశారు. ఎఫ్-స్పాట్ స్థానంలోకి 10.10 నుండే షాట్‌వెల్ వచ్చింది. గింప్ మాత్రం తిరిగి అప్రమేయ జాబితాలోకి రాలేదు. భాండాగారంలో ఎప్పుడూ ఉంది, కావలసినవారు దింపుకుంటూనే ఉన్నారు.

బాన్షీ, పాటల దుకాణం

2011 ఏప్రిల్ నాటి 11.04లో రిథమ్‌బాక్స్‌ను తప్పించి బాన్షీని తీసుకున్నారు. బాన్షీ కూడా మోనోపై నడిచేదే. ఇందులో అమెజాన్ పాటల దుకాణానికి ద్వారం ఉండేది. దాని గుండా కొన్న పాటలపై వచ్చే కమీషను అంతటినీ బాన్షీ రచయితలు గ్నోమ్ ఫౌండేషనుకు విరాళంగా ఇస్తూ వచ్చారు. కానొనికల్ సంస్థకు అప్పటికే ఉబుంటు వన్ అనే సొంత పాటల దుకాణం ఉంది. 2011 ఫిబ్రవరిలో ఆ సంస్థ బాన్షీ రచయితల ముందు రెండు మార్గాలు ఉంచింది. అమెజాన్ దుకాణాన్ని అప్రమేయంగా నిలిపివేసి, కోరిన వాడుకరే తెరుచుకునేలా చేయడం ఒకటి. దుకాణాన్ని తెరిచి ఉంచి, ఆదాయంలో 75 శాతం కానొనికల్, 25 శాతం గ్నోమ్ పంచుకోవడం రెండవది. రచయితలు మొదటి మార్గాన్ని ఎంచుకున్నారు. ఆ తరువాత కానొనికల్ తన మాట మార్చుకొని, దుకాణాన్ని తెరిచే ఉంచుతామనీ, అందులో 25 శాతంతో పాటు ఉబుంటు వన్ దుకాణపు రాబడిలోనూ 25 శాతం గ్నోమ్‌కు ఇస్తామనీ ప్రకటించింది. ఈ విషయాన్ని తమ సంస్థ నడిపిన తీరులో పొరపాట్లు జరిగాయని షటిల్‌వర్త్ బహిరంగంగా ఒప్పుకున్నారు, పంపకం మాత్రం సమంజసమేనని వాదించారు.

స్వేచ్ఛా లైసెన్సు ప్రకారం కోడును మార్చి పంచే హక్కు పంపిణీదారుకు ఉంది. దానిలో సందేహం లేదు. వాడుకరిని తెచ్చింది పంపిణీ, అనువర్తనాన్ని రాసింది వేరొకరు. మరి ఆ వాడుకరి ఖర్చుపెట్టిన సొమ్ముపై ఎవరికెంత హక్కు అన్న ప్రశ్నకు లైసెన్సులో జవాబు ఉండదు. అమెజాన్ పాటల దుకాణం ఆనాడు భారతదేశంలో పనిచేసేది కాదు కనుక మన వాడుకరులకు ఈ తగాదాతో ప్రత్యక్ష సంబంధం లేకపోయింది.

ఇంత జరిగాక, 2012 ఏప్రిల్ నాటి 12.04లో బాన్షీని తొలగించి తిరిగి రిథమ్‌బాక్స్‌నే తెచ్చారు. బాన్షీ జీటీకే మూడవ తరానికి మారకపోవడం, ఏఆర్ఎమ్ ప్రాసెసర్లపై ఇబ్బందులు కారణాలుగా చెప్పారు. టామ్‌బాయ్ కూడా వెళ్లిపోవడంతో మోనో మొత్తం సీడీ నుండి నిష్క్రమించింది.

ఇతర మార్పులు

9.10లో పిడ్జిన్ బదులు ఎంపతీ వచ్చింది. 11.04లో ఓపెన్ఆఫీస్ స్థానాన్ని లిబ్రేఆఫీస్ ఆక్రమించింది. ఓపెన్ఆఫీస్ యాజమాన్యం ఒరాకిల్ చేతికి వెళ్ళాక, రచయితలలో అధికులు 2010లో విడిపోయి మొదలుపెట్టినదే లిబ్రేఆఫీస్ కనుక ఈ మార్పును దాదాపు అందరూ హర్షించారు. 11.10లో ఎవల్యూషన్ స్థానంలో థండర్‌బర్డ్ వచ్చింది. అదే విడుదలలో ప్యాకేజీల నిర్వహణకు పాతకాపులు ఇష్టపడే సినాప్టిక్‌ను కూడా తప్పించారు.

చట్టాలు, లైసెన్సులు

కొన్ని అనువర్తనాలు స్థలం లేక కాక, చట్టం అడ్డు వచ్చి ఆగిపోయాయి. ఎంపీ3 పాటలను వినిపించే కోడెక్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దాని స్వేచ్ఛా కోడు ఉన్నప్పటికీ, అమెరికా తదితర దేశాలలో పేటెంట్లు ఉన్నందున ఉబుంటు దాన్ని సీడీలో పెట్టలేదు. కొత్తగా ఉబుంటు స్థాపించినవాడు మొట్టమొదట తన వద్దనున్న పాటల దస్త్రాన్ని నొక్కి చూస్తాడు, అది పలకదు. ఉబుంటుపై మొదటి రోజే విరక్తి కలగడానికి దీనికి మించిన కారణం మరొకటి లేదేమో. 7.04 నుండి, అటువంటి దస్త్రాన్ని నొక్కినపుడు కావలసిన కోడెక్‌ను దింపుకోమంటారా అని వ్యవస్థే అడగడం మొదలుపెట్టింది. 10.10 నుండి స్థాపన సమయంలోనే అందుకు ఒక గడి కేటాయించారు. రెండింటికీ అంతర్జాలం కావాలి. భారతీయ పేటెంట్ల చట్టంలోని సెక్షను 3(కె) ప్రకారం కంప్యూటరు ప్రోగ్రాము తనంతట తానుగా పేటెంటుకు అర్హమైన ఆవిష్కరణ కాదు. అయినా ప్రపంచమంతటికీ ఒకే సీడీ కావడంతో, వేరే దేశాల చట్టం ఇక్కడి వాడుకరికీ వర్తించినట్లయింది. ఉబుంటు ఆధారంగా 2006లో మొదలైన లినక్స్ మింట్, తొలి ఏళ్ళలో ఈ కోడెక్‌లను ముందుగానే పొందుపరచి ఇచ్చింది. దాని ప్రాచుర్యానికి ఇదొక ముఖ్య కారణం. 2017లో ఎంపీ3 లైసెన్సింగు కార్యక్రమం ముగియడంతో ఆ కోడెక్ వరకు సమస్య తీరింది.

ఫైర్‌ఫాక్స్ విషయంలో తగాదా పేటెంటుది కాదు, వ్యాపార చిహ్నానిది. కోడులో తాము చేసే మార్పులకు మొజిల్లా ఆమోదం తీసుకోవడానికి అంగీకరించని డెబియన్, 2006 నుండి 2016 వరకు అదే విహరిణిని ఐస్‌వీజిల్ అనే పేరుతో అందించింది. ఉబుంటు మొజిల్లాతో ఒప్పందానికి వచ్చి అసలు పేరును నిలుపుకుంది. 2008 సెప్టెంబరులో, మొజిల్లా కోరిక మేరకు, 8.10 పరీక్షా రూపంలో ఫైర్‌ఫాక్స్ తెరవగానే ఒక ఒప్పంద పత్రం చూపించడం మొదలుపెట్టారు. స్వేచ్ఛా సాఫ్టువేరు వాడటానికి "అంగీకరిస్తున్నాను" అని నొక్కడమేమిటని వాడుకరులు తీవ్రంగా నిరసించారు. మొజిల్లా దాన్ని ఉపసంహరించుకుంది.

2012 అక్టోబరు నాటి 12.10లో వచ్చిన వివాదం ఇంకా పెద్దది. డెస్క్‌టాపులో వెదికే పదాలు కానొనికల్ సర్వరుకు చేరి, అక్కడి నుండి అమెజాన్ సరుకుల ఫలితాలు తెరపైకి వచ్చేవి. తన కంప్యూటరులోని దస్త్రం కోసం వెదికే మనిషి, ఆ పదం ఊరు దాటి వెళుతుందని ఊహించడు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ దీన్ని విమర్శించింది. రిచర్డ్ స్టాల్‌మన్ దీన్ని గూఢచర్య సాఫ్టువేరుగా వర్ణించారు. దీన్ని నిలిపివేసే సదుపాయం ఉందని కానొనికల్ చెప్పింది. కాని అమరికలు తెరిచి మార్చుకునేవారు కొద్దిమందే అన్నది అప్రమేయ ఎంపికలన్నిటికీ వర్తించే విషయం. 16.04లో గాని ఈ సదుపాయాన్ని అప్రమేయంగా ఆపలేదు. అమెజాన్ గుర్తు 20.04లో పూర్తిగా తొలగిపోయింది.

సీడీ హద్దు తొలగిన తరువాత

12.10తోనే సీడీ నియమానికి స్వస్తి చెప్పారు. డీవీడీలు, యూఎస్‌బీ కడ్డీలు సర్వసాధారణం అయ్యాయి. 2024 ఏప్రిల్ నాటి 24.04 ప్రతిబింబం ఐదు గిగాబైట్లను మించింది. స్థలం పెరిగితే తగవు తీరుతుందని అనుకోవచ్చు, అలా జరగలేదు. ఇప్పుడు అడిగే ప్రశ్న మరొకటి. అసలు ఇన్ని ఎందుకు?

2017లో, 18.04 కోసం, ఏ పనికి ఏ అనువర్తనం కావాలో చెప్పమని వాడుకరులనే బహిరంగంగా అడిగారు. వేలాదిమంది స్పందించారు. వీడియోల విషయంలో వీఎల్‌సీ వైపే ఎక్కువమంది మొగ్గు చూపారు. అయినా 18.04లో గ్నోమ్ వారి టోటెమే కొనసాగింది. డెస్క్‌టాపుతో కలిసిపోయే రూపం, ఏళ్ళ తరబడి నిర్వహణ వంటి విషయాలు ఓట్లలో కనబడవు. దీన్నిబట్టి అభిప్రాయ సేకరణ సలహా మాత్రమేనని తేలింది. అదే విడుదలలో విహరిణి, కొద్దిపాటి ఉపకరణాలు మాత్రమే ఉండే కనిష్ఠ స్థాపన అనే ఐచ్ఛికాన్ని ఇచ్చారు.

2023 అక్టోబరు నాటి 23.10లో ఆ కనిష్ఠ స్థాపననే అప్రమేయం చేశారు. లిబ్రేఆఫీస్, థండర్‌బర్డ్ వంటివి కావాలంటే పూర్తి స్థాపనను ప్రత్యేకంగా ఎంచుకోవాలి. 24.04లో వీటి పేర్లు అప్రమేయ ఎంపిక, విస్తృత ఎంపిక అని మారాయి. ప్రతిబింబం పరిమాణం పెరుగుతూ ఉండగా స్థాపన జాబితా చిక్కిపోవడం గమనించదగినది.

అనువర్తనాన్ని అందించే రూపం కూడా వివాదమైంది. 21.10 నుండి ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్ రూపంలో ఇవ్వడం మొదలుపెట్టి, 22.04లో పాత రూపాన్ని భాండాగారం నుండి తప్పించారు. ఇది మొజిల్లాతో కలిసి తీసుకున్న నిర్ణయం. పాత కంప్యూటర్లలో విహరిణి తెరుచుకోవడం ఆలస్యమవుతోందని వాడుకరులు ఫిర్యాదు చేశారు, తరువాతి సవరణలలో కొంత మెరుగుపడింది. లినక్స్ మింట్ 2020లోనే, తన 20వ విడుదలలో, స్నాప్ అప్రమేయంగా స్థాపితం కాకుండా అడ్డుకుంది.

సోదర పంపిణీలు

ఒకే జాబితా అందరికీ సరిపోదు కనుక ఉబుంటుకు సోదర పంపిణీలు పుట్టాయి. తక్కువ శక్తి గల కంప్యూటర్లకు ఉద్దేశించిన క్సుబుంటు, బరువైన ఓపెన్ఆఫీసుకు మారుగా చాలాకాలం అబివర్డ్, గ్నుమెరిక్‌లను ఇచ్చింది. 2015లో వచ్చిన 15.10లో లిబ్రేఆఫీస్ రైటర్, క్యాల్క్‌లకు మారింది. పాఠశాలల కోసం 2005లో వచ్చిన ఎడుబుంటులో గణితం, విజ్ఞానం నేర్పే ప్రోగ్రాములు ముందే ఉండేవి. 14.04 తరువాత ఆగిపోయిన ఈ పంపిణీని 2023లో 23.04తో తిరిగి ప్రారంభించారు. అంతర్జాలం లేని బడికి ఇటువంటి ముందస్తు కూర్పు ఎంత ఉపకరిస్తుందో ఉపాధ్యాయులకు తెలుసు.

తెలుగు వాడుకరులు

ఉబుంటులో అనువాదాలను అనువర్తనాల నుండి వేరుచేసి, ఒక్కొక్క భాషకు ఒక్కొక్క భాషా ప్యాకేజీగా ఉంచుతారు. సీడీలో స్థలం మిగిలిన మేరకు ఎక్కువమంది మాట్లాడే కొన్ని భాషలకే చోటు దక్కేది. మిగిలినవాటిని స్థాపన తరువాత అంతర్జాలం నుండి దింపుకోవాలి. తెలుగు ఈ రెండవ కోవలోనిది. స్వచ్ఛంద అనువాదకులు గ్నోమ్, ఫైర్‌ఫాక్స్ తదితరాలను ఎంతో శ్రమకోర్చి తెలుగులోకి తెచ్చినప్పటికీ, నెట్టు లేని పల్లెటూరి బడిలో ఆ కంప్యూటరు ఇంగ్లీషులోనే పలకరించేది. తెలుగు మెనూ ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందకపోవడం ఈ అమరికలోని లోటు.

ఖతుల విషయం కొంత నయం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో విడుదలైనందున డెబియన్, ఉబుంటు భాండాగారాలలో చేరాయి. రెడ్ హ్యాట్ విడుదల చేసిన లోహిత్ తెలుగు కూడా వీటి సరసన ఉంది. స్వేచ్ఛా లైసెన్సు లేని ఖతి ఎంత అందమైనదైనా మెయిన్ విభాగంలోకి రాలేదు. ఖతుల రూపకర్తలు లైసెన్సు గురించి ముందే ఆలోచించడం ఎందుకు అవసరమో దీనివలన తెలుస్తుంది.

భారతీయ భాషలనే ప్రధానంగా పెట్టుకొని జాబితా కూర్చిన పంపిణీలు కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సి-డాక్, డెబియన్ ఆధారంగా రూపొందించి 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ వీటిలో ఒకటి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ అనే సంస్థ కూడా తెలుగులోకి స్థానికీకరించిన లినక్స్ పంపిణీని తయారుచేసింది. వీటిలో తెలుగు ఖతి, తెలుగు కీబోర్డు అమరిక, తెలుగు మెనూలు పెట్టెలో ముందుగా పెట్టే వస్తువులు. స్థలం చాలకపోతే తీసివేసేది మరొకటి అవుతుంది.